సోలెంట్ పాయలో తెఱచాప పడవ

ఇంగ్లండు దేశపు దక్షిణ తీరమున పోర్ట్స్‌మత్ అను రేవు పట్టణము కలదు. దానికెదురుగా వైట్ అను ద్వీపము. ఆ రెంటి నడుమనున్న ఇరుకైన సముద్రపు పాయకు సోలెంట్ అని పేరు. వేసవికాలమున సెలవు దినమునాడు ఆ యొడ్డున నిలిచి చూచినచో, కొల్లేటిపై కొంగలు వాలినట్లు నీటినిండ తెల్లని తెఱచాపలే కానవచ్చును. వానిలో పందెములకు పోవునవి కొన్ని, ఊరక గాలి పీల్చుకొనుటకు పోవునవి కొన్ని. తండ్రి చుక్కాని పట్టియుండును, తల్లి రొట్టెలు కోయుచుండును, పిల్లలు కంబికి ఆనుకొని అలలు లెక్కపెట్టుచుందురు. చూచువారికి ఇంతకంటె నిర్మలమైన వినోదము లేదనిపించును.

మా మేనల్లుడు ఆ పట్టణములోని ఆసుపత్రిలో అత్యవసర విభాగమున వైద్యుడు. గడచిన వేసవిలో రెండు నెలలు వాని యింట నుంటిని. వాడు హైదరాబాదులో చదువుకొను దినములలో హుస్సేన్‌సాగరముపై తెఱచాప పడవ నడుపుట నేర్చెను. ఏటేట వర్షాకాలమున ఆ చెఱువుపై జరుగు పడవ పందెములను మన సోదరీమణులు కొందరు ట్యాంకుబండు మీదనుండి చూచియే యుందురు. ఆ సరదా వానిని సముద్రముదాక తీసికొనిపోయినది.

నన్ను మొదట వాడు తీసికొనిపోయినది పాత నౌకాశ్రయమునకు. అచ్చట విక్టరీ అను యుద్ధనౌక నీరు లేని డాకులో నిలిపియున్నది. 1765 లో జలప్రవేశము చేసిన ఓడ. 1805 అక్టోబరు 21 న ట్రఫాల్గర్ యుద్ధమునందు నెల్సన్ సేనాని దీనిమీదనే ప్రాణములు విడిచెను. ఆయన దేహమును చెడకుండ బ్రాందీ నింపిన పీపాలో ఉంచి తెచ్చిరట! 1922 నుండి ఓడ ఈ డాకులోనే యున్నది. 2022 లో మొదలుపెట్టిన మరమ్మతుల మూలమున చుట్టును పరంజాలు కట్టియుండెను. లోపలికి దిగినచో తల వంచక నడచుటకు వీలు లేదు. ఫిరంగుల నడుమ, ఉయ్యాలల వంటి పడకలు వ్రేలాడదీసికొని, ఎనిమిది వందలకు పైబడిన మగవారు ఇందు కాపురముండిరి. ఇంత యిరుకున ఇందరికి వంట ఎట్లు చేసిరో అని నేను చూచుచుండగా మా వాడు ఇంకొక సంగతి చెప్పెను.

ఆ కాలపు ఓడలలో మంచినీళ్లు పీపాలలో పాచిపట్టి త్రాగుటకు పనికిరాకపోయెడివి. అందుచేత నావికునకు దినమునకు ఒక గ్యాలను బీరు ఇచ్చెడివారు. దూరదేశములలో బీరు దొరకనపుడు దానికి బదులు అర పైంటు, అనగా సుమారు పావు లీటరు, రమ్ము. ఈ రమ్ము త్రాగినవాడే పిమ్మట త్రాళ్ల నిచ్చెనలెక్కి, నూరడుగులకు మించిన యెత్తున అడ్డకొయ్యలపై కాళ్లుమోపి, ఊగులాడు ఓడపై తెఱచాపలు చుట్టవలెను. కాలు జాఱెనా, క్రింద ఓకు పలకలు, లేనిచో సముద్రము. పడినవారి సంఖ్య కేమి గాని, పడినవాని యింట ఒక స్త్రీ యుండెను గదా అని నాకు తోచినది.

1740 లో వెర్నన్ అను నౌకాసేనాని జమైకాలో ఉండగా ఈ అనర్థమును గుర్తించి, ఆగష్టు 21 న ఒక ఉత్తరువు చేసెను. రమ్ము ఎవరికిని పచ్చిగా ఇయ్యరాదు. అర పైంటునకు నాలుగింతల నీరు కలిపి, దినమునకు రెండు విడతలుగా ఇయ్యవలెను అని. ఆ సేనాని గ్రోగ్రమ్ అను ముతక పట్టుబట్టతో కుట్టిన అంగీ తొడిగెడివాడు కనుక నావికులు ఆయనను "ముసలి గ్రాగ్" అనియు, ఆయన కలిపించిన పానీయమును "గ్రాగ్" అనియు పిలిచిరి. ఇంగ్లీషువారు నేటికిని తలదిమ్ముగా నున్నవానిని "గ్రాగీ" గా నున్నాడందురు. ఒక బట్టపేరు ఎంతదూరము పోయినదో చూడుడు! ఆ సేనాని మంచివాడే. కాని లెక్క చూచినచో నావికుని కడుపులోనికి పోవు రమ్ము ఒక్క చుక్కయు తగ్గలేదు. పాలలో నీళ్లు కలిపినంత మాత్రమున పాలు మాయమగునా? 1824 లో ఆ కొలత సగమైనది. 1850 ప్రాంతమున మరల సగమైనది. అమెరికావారు తమ నావికుల సారాను 1862 లోనే ఆపివేసి, 1914 లో ఓడలపై మద్యమునే నిషేధించిరి. బ్రిటిషు నౌకాదళమువారు మాత్రము, ఓడలు ఆవిరితోను నూనెతోను నడుచు కాలము వచ్చినను, పగటిపూట భోజనమునకు ముందు గంట కొట్టి రమ్ము పంచుచునే యుండిరి. యంత్రములు సున్నితములైనవి, పనిలో పొరపాటునకు తావులేదని యెంచి, తుదకు 1970 జూలై 31 న దానిని నిలిపివేసిరి. ఆ దినమున నావికులు చేతులకు నల్లగుడ్డలు కట్టుకొనిరట. పోర్ట్స్‌మత్ సమీపముననే ఒక శిక్షణశాలలో శవపేటిక మోసి, డప్పులు వాయించి, రమ్మునకు ఉత్తరక్రియలు చేసిరట!

అనగా వెర్నను ఉత్తరువునకును ఈ ఉత్తరక్రియలకును నడుమ రెండు వందల ముప్పది సంవత్సరములు. "సైనికులకు నిలిపివేసిరి గాని అత్తయ్యా, సరదాకు పోవువారికి ఎవరు చెప్పగలరు? ఆదివారము సాయంకాలము మా వార్డుకు వచ్చి చూడుము" అని మా వాడనెను.

వాని పొరుగింట ఒక వృద్ధురాలు కలదు. బాలికల పాఠశాలలో గణితము చెప్పి విశ్రాంతి తీసికొనినది. భర్త గతించి పండ్రెండేండ్లయినది. ఆయనయు ఆమెయు కలసి కొన్న ముప్పదియొక్క అడుగుల పడవను ఆమె నేటికిని తానే నడుపుచున్నది. ఒక శనివారము మమ్ములను వైట్ ద్వీపములోని కౌస్ అను ఊరికి భోజనమునకు తీసికొనిపోయెదనని పిలిచెను. మా వానితోబాటు పనిచేయు విజయవాడ యువకుడొకడు, అతని భార్య, వారి నాలుగేండ్ల పాప కూడ వచ్చిరి. ఆ యువకుడు మర్యాదస్థుడు. ఉత్త చేతులతో రాగూడదని ఒక ద్రాక్షసారా సీసా కాగితములో చుట్టి తెచ్చెను. ఆమె "చాల సంతోషము" అని అందుకొని, దానిని బల్లక్రింది అఱలో పెట్టి తాళము వేసి, "తిరిగి వచ్చి త్రాడు కట్టిన పిమ్మట" అనెను. పిదప అందఱికి లైఫ్ జాకెట్లు ఇచ్చి, పట్టెడలు తానే బిగించి చూచినది. పాప కొకటి, నాకొకటి. చీరపైని అది యెట్లుండునో అని సంకోచించితిని గాని అప్పటికి అద్దము లేదు.

రేవు నోటినుండి బయటికి వచ్చువఱకు చిన్న పడవలు యంత్రముతోనే నడువవలెనని అచ్చటి నియమము. ఎడమవైపున నూటడెబ్బది మీటర్ల తెల్లని గోపురమొకటి, తెఱచాప గాలికి నిండినట్లు వంగి యుండును. అది దాటినంతనే యంత్రము ఆపి తెఱచాపలెత్తిరి. ఆ నిశ్శబ్దము నేనెన్నడు ఎఱుగను. నైఋతి గాలి ఎదురుగా వీచుచుండెను. ఎదురుగాలికి తెఱచాప పడవ సూటిగా పోజాలదు; మెలికలుగా, ఒకసారి కుడికి ఒకసారి ఎడమకు పోవలెను. మెలిక తిరిగినప్పుడెల్ల పడవ రెండవ ప్రక్కకు ఒరుగును, కూర్చున్నవారందఱును లేచి ఇటునుండి అటు మాఱవలెను. తెఱచాప అడుగంచును పట్టి ఉంచు పొడవైన అడ్డకొయ్య యొకటి కలదు, దానిని బూము అందురు. అది మన తలలపైగా ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పోవును. నీళ్లు మొగమున జల్లుమని పడుచుండెను. అందఱును మెలకువగానే యుంటిమి. ఎదురుగాలి ఎవరిని ఏమఱి యుండనీయదు.

దారిలో ఆమె నీటి నడుమ ఇసుకతిన్నె ఉన్న తావు చూపెను. బ్రాంబుల్ తిన్నె యట. ఏడాదికొకసారి, సముద్రపు నీరు మిక్కిలి తీసిన దినమున, అది కొంతసేపు పైకి తేలగా దానిపై క్రికెట్టు ఆడుదురట! 2008 లో క్వీన్ ఎలిజబెత్ 2 అను మహానౌక అచ్చట నేలకు తగులుకొన్నది. మహానౌకకే తప్పని తిన్నె చిన్న పడవకు తప్పునా? "చుక్కాని పట్టినవారు పటమును, లోతును, గాలిని, ఆటుపోట్లను, రాకపోకల ఓడలను ఒక్కసారే తలలో నుంచుకొనవలెను, ఐదు చట్టుల పాలు ఒక్క పొయ్యిపై కాచినట్లు" అనినది. ఉపమానము నాది, ఆమె లెక్కల మాటలలో చెప్పెను.

కౌస్ చేరునప్పటికి మధ్యాహ్నమైనది. మెడినా నది సముద్రములో కలియు చోట ఊరు రెండు ముక్కలుగా నుండును. తూర్పు ముక్కకు ఆవల ఆస్బర్న్ భవనము. విక్టోరియా రాణి 1901 జనవరి 22 న అచ్చట చనిపోయినది. అందు పంజాబు శిల్పి భాయ్ రామ్‌సింగ్ ఏర్పఱచిన దర్బారు మందిరము చూడదగినది. పడమటి ముక్కలో నీటియొడ్డున పేరుగన్న పడవల క్లబ్బు. ఇచ్చటి ఆగష్టు మాసపు పందెములు 1826 లో మొదలైనవి. ఆ క్లబ్బువారు స్త్రీలను పూర్తి సభ్యులుగా చేర్చుకొనుటకు ఒప్పుకొన్నది 2013 లోనట. మా పడవ యజమానురాలు ఈ మాట చెప్పి నవ్వెను గాని, ఆ నవ్వులో గణితోపాధ్యాయిని కనబడెను.

భోజనశాలలో ఆమె చేపయు బంగాళాదుంపలును తెప్పించుకొని మంచినీళ్లు త్రాగెను. మా వాడు తేనీరు. విజయవాడ యువకుడు బీరు ఒక పైంటు, పిమ్మట ఇంకొకటి. అతడు త్రాగుబోతు కాడు. మాట తూలలేదు, నడక తూలలేదు. భార్య మాత్రము రెండవ గ్లాసు వచ్చినపుడు పాప నోరు తుడుచుచు తల వంచుకొనెను.

మా వాడు నెమ్మదిగా, "ఒరే, ఇక చాలును, తిరిగి నీవును త్రాళ్లు లాగవలెను గదా" అనెను.

"కారు నడుపునపుడు నేనెన్నడును ముట్టను. ఇది పడవ. ఇక్కడ ఇందుకు చట్టమే లేదుగా" అని అతడనెను.

ఆ మాట నిజమే యట. 2003 లో ఆ దేశపు పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము జీతమునకు ఓడ నడుపువారు పరిమితికి మించి త్రాగిన శిక్ష కలదు. సరదాకు నడుపువారిని గూర్చిన విధి కూడ అదే చట్టములో వ్రాసిరి గాని దానిని అమలులోనికి తేలేదు. అమెరికాలో మాత్రము తెఱచాప పడవ యైనను, యంత్రపు పడవ యైనను, నూరు మిల్లీలీటర్ల రక్తమున ఎనుబది మిల్లీగ్రాముల మద్యమున్న నేరము. సరదా పడవల ప్రమాదములలో జరుగు మరణములకు తెలిసిన కారణములలో మద్యమే మొదటిదని ఆ దేశపు తీరరక్షక దళమువారు చెప్పుచున్నారు. చట్టము ఉన్నచోట కొందఱు భయపడుదురు, లేనిచోట గాలికి భయపడవలెను. ఆ గాలికి మన చట్టము తెలియదు.

భోజనమునకును ప్రయాణమునకును నడుమ మా వాడు నాకు తెలియజేసిన వైద్యవిషయములను ఇచ్చట వ్రాసెదను, మన యిండ్లలో చెఱువులకు నదులకు పోవు పిల్లలున్నారు గనుక. మన చెవిలోపల మూడు సన్నని వంపు గొట్టములున్నవి. వానిలోని ద్రవము కదలికనుబట్టియే మనము నిలిచితిమో ఒరిగితిమో మెదడునకు తెలియును. మద్యము రక్తమునుండి ఆ తావులకు దిగి అందలి బరువుల సమతను చెఱచును. నేలపై అది కొంచెము తల తిరుగుటగా ముగియును. పడవ తానే ఒరుగుచు లేచుచు నున్నపుడు, ఏది పడవ కదలికయో ఏది తన తల తిరుగుటయో త్రాగినవానికి తెలియదు. దీనికితోడు ఎండ, గాలి, నీటిమీది తళతళ కలసి కొన్ని గంటలలో మనుజుని అలయించును. ఆ అలసటపై త్రాగిన ఒక గ్లాసు ఇంటిలో త్రాగిన గ్లాసు కాదు. స్త్రీల దేహములో నీటిపాలు తక్కువగుటచే అదే కొలత మనకు ఎక్కువగ నెక్కును.

ఇక నీటిలో పడినచో? త్రాగినవానికి ఒళ్లు వెచ్చగా నున్నట్లు తోచును గదా, అది చర్మములోని రక్తనాళములు విప్పారుటవలన. నిజమునకు లోపలి వేడి బయటికి పోవుచుండును. చల్లని నీటిలో ఆ పోక మరింత త్వరపడును. అన్నిటికంటె ముందు వచ్చునది ఊపిరి యెగబీల్చుట. చల్లని నీటిలో హఠాత్తుగా పడినవాడు తన ప్రయత్నము లేకయే ఒక్క పెద్ద ఊపిరి పీల్చును. ఆ క్షణమున నోరు నీటిలోపల నున్నచో ఈత వచ్చినను లాభము లేదు. పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయములో టిప్టన్ అను ఆచార్యుడు ఈ విషయమును చిరకాలము పరిశోధించెను. ఈత కొట్టబోక, వెల్లకిల తేలి, ఊపిరి కుదురుపడువఱకు ఆగుమని ప్రాణరక్షక పడవల సంఘమువారు బోధించునది ఇట్టి పరిశోధనల ఫలమే. నిబ్బరముగా నున్నవానికే ఆ నిమిషమును ఓర్చుట కష్టము.

పడవ యజమానురాలు ఈ మాటలు వినుచుండి, తన భర్త స్నేహితుని సంగతి చెప్పెను. నలుబది సంవత్సరముల క్రిందటిది. పడవను ఒక వాగు నోట లంగరు వేసి ఇద్దఱు మగవారు ఒడ్డునకు భోజనమునకు పోయిరి. రాత్రి డింగీలో తిరిగి వచ్చిరి. (డింగీ యను మాట మన దేశపు భాషలలోనుండి పోయినదే.) డింగీనుండి పడవపైకి ఎక్కునపుడు ఒక కాలు ఇందు, ఒక కాలు అందు. నీరు ఎడతెగక పారుచుండెను, డింగీ జరిగినది. ఆయన చప్పుడు లేకుండ నీటిలోనికి దిగిపోయెను. రెండవవాడు తాను చేయి అందించితి ననుకొనెను గాని అందించినది త్రాటి కొసను. "గాలివాన లేదు. వెన్నెల. తెఱచాపలు చుట్టియే యున్నవి" అని ఆమె మూడు ముక్కలలో చెప్పి, చెంచాను పళ్లెములో సరిగా పెట్టెను. తుపానులలో పోయినవారిని గూర్చి కథలు వ్రాయుదురు. ఇట్లు ఎక్కుచు దిగుచు పోయినవారు, వేడిగా నున్నదని దుమికినవారు, చెప్పుటకు సంకోచమైనను చెప్పక తప్పదు, రాత్రివేళ లఘుశంకకై పడవ అంచున నిలిచి జాఱినవారు, వీరిని గూర్చి ఎవ్వరును వ్రాయరు. మా వాని వార్డుకు వచ్చునది వీరే. అచ్చటికి రానివారును వీరే.

తిరుగు ప్రయాణమున గాలి వెనుకనుండి వీచెను. నాకు హాయిగా నుండెను. పడవ ఒరుగుట మానెను, జల్లు లేదు, ఎండ వెచ్చగా తగిలినది, గాలి నిలిచిపోయినట్లే తోచెను. మనమును గాలియు ఒకే వైపు పోవుచుండుటచే అట్లు తోచునే గాని గాలి తగ్గలేదట. "ఇదే మోసపు వేళ" యని మా వాడనెను. వెనుకగాలికి తెఱచాప ఒక ప్రక్కకు పూర్తిగా చాపియుండును. గాలి కొంచెము ప్రక్కమాఱినను, చుక్కాని పట్టినవారు కొంచెము ఏమఱినను, ఆ తెఱచాప అంతయు ఒక్క పెట్టున రెండవ ప్రక్కకు విసరుకొని పోవును. దానితో బూమును పోవును. దానికి తగిలిన తల పగులును, లేదా మనిషి నీటిలో పడును, లేదా రెండును.

ఆమె విజయవాడ యువకుని త్రాటిదగ్గఱ నుంచలేదు. "నీవు అతిథివి, అచ్చట కూర్చుండుము" అని వెనుక మూల చూపి, అతని జాకెట్టు పట్టెడకు త్రాడు తగిలించెను. అతనికి ముఖము ఎఱ్ఱబాఱినది. వచ్చునపుడు చక్కగా త్రాడు లాగినవాడే గదా!

దారి మార్చవలసిన చోట ఆమె గట్టిగా చెప్పెను: తెఱచాప ప్రక్క మార్చుచున్నాను, తలలు వంపుడు అని. నేను వంచితిని. యువకుని భార్య పాపను ఒడిలోనికి అదిమికొనెను. అతడును విన్నాడు; "సరే" అని కూడ అనెను. కాని అంతకుముందే ద్వీపమును ఫోటో తీయుటకు లేవబోవుచుండెను. సరే యనుటకును కూర్చుండుటకును నడుమ అర క్షణము ఆలస్యమైనది. మా వాడు పట్టెడ పట్టి క్రిందికి లాగెను. బూము ఆ పైగా పోయి టప్పున ఆగినది. అంతే. ఎవరికిని ఏమియు కాలేదు. ఆమె గొంతు పెంచలేదు. త్రాడు సరిచేసి, చుక్కాని సరిచేసి, పిమ్మట అతనివైపు చూచి, "రెండు పైంట్లు" అని మాత్రము అనెను.

అతడు పడియున్నచో ఏమగునని నేను తరువాత మా వానిని అడిగితిని. ఆ వేగమున పడవ క్షణమునకు రెండున్నర మీటర్లు పోవును. తెప్పరిల్లుటకు అర నిమిషము పట్టిన డెబ్బదియైదు మీటర్లు. అలల నడుమ ఆ దూరమున మనిషి తల కొబ్బరికాయ యంత. కారు వలె పడవ ఆగదు. తెఱచాపలు సవరించి తిరిగి రావలెను. ఆ పని తెలిసినవారు ఆ దినమున ఇద్దఱే, ఆమెయు మా వాడును. ఆ యిద్దఱిలో ఒకరు త్రాగియున్నచో, లేక పడిపోయినవాడే పడవ నడుపువాడైనచో, పడవలో మిగులునది మేము: ఒక ముసలిది, ఒక పసిబిడ్డ, బిడ్డతల్లి.

ఈ లెక్క నాకంటె ముందు ఆ అమ్మాయి కట్టినది. కొంతసేపటికి నా దగ్గఱకు జరిగి, చిన్న గొంతుతో, "అత్తయ్యగారూ, విందులనుండి వచ్చునపుడు కారు తాళములు నేనే తీసికొందును. ఆయన ఎన్నడును కాదనలేదు. ఇచ్చట నేనేమి తీసికొనవలెను?" అనెను.

నాకు జవాబు తోచలేదు. ఆమె తెలుగులో అడిగినను పడవ యజమానురాలికి అర్థమైనట్లున్నది. ఏలయన మగవారు ముందరి తెఱచాప సవరించుచుండగా ఆమె ఈ అమ్మాయిని పిలిచి చుక్కాని కఱ్ఱ చేతికిచ్చెను. పాపను నేనెత్తుకొంటిని. మొదట పడవ పాము వలె పోయినది. పది నిమిషములకు కుదిరినది. అంతట మూడు సంగతులు చెప్పెను. ఎవరైన పడినచో, ఒకరు చేయి చాపి వానినే చూపుచుండవలెను, కన్ను మరల్చరాదు. తెఱచాప త్రాళ్లు వదలివేసి పడవను గాలికి ఎదురు త్రిప్పిన వేగము చచ్చును. రేడియో పదునారవ నంబరుపై పెట్టి, మీట నొక్కి, "మేడే" అని మూడుసార్లు పలికి, పడవ పేరు, ఉన్న చోటు చెప్పవలెను. ఆ రేడియో మా తలుపు ప్రక్కనే యున్నది. వచ్చునపుడు నేనది గడియార మనుకొంటిని. ఆమె ఆ మీట నొక్కకుండ ఆ యమ్మాయిచేత మాటలన్నియు రెండుసార్లు చెప్పించెను. మూడవసారి నాచేత చెప్పించెను. నా ఇంగ్లీషు ఉచ్చారణకు ఎవరు వత్తురో గాని, వత్తురని ఆమె అనినది.

రేవు నోట మరల యంత్రము వేసిరి. ద్వీపమునకు పోవు ప్రయాణికుల జంటపడవ మాకు దారి యిచ్చి పోయెను. దానిని వారు కాటమరాన్ అందురు, అరవ దేశపు కట్టుమరమే. మన కోస్తాలో తెప్ప. చీకటి పడకమునుపే త్రాడు కట్టితిమి. యజమానురాలు అఱ తాళము తీసి సీసా బల్లపై పెట్టెను. ఆ యువకుడు, "మీరు ఇంటికి తీసికొని పొండు, నాకిప్పుడు వలదు" అనెను. అలుకయో సిగ్గో నాకు తెలియదు. కాని మెట్టు దిగునపుడు పాపను తానెత్తుకొనక భార్య కిచ్చి, కంబిని రెండు చేతుల పట్టుకొని దిగెను.

ఆ యమ్మాయి మాత్రము దిగకుండ నిలిచి, క్రొత్తవారికి నేర్పు తరగతులు ఎన్ని దినములని అడుగుచుండెను. పరిచయమునకు రెండు దినములు, పడవపై పని నేర్చుటకు ఐదు దినములట. సెప్టెంబరులో తనకెన్ని సెలవులు మిగిలియున్నవో వ్రేళ్లపై లెక్క పెట్టుకొనుచు వచ్చి కారులో కూర్చుండినది.